నీ కాలికి ఎన్ని స్విచ్‌లు కావాలి

రాజమహేంద్రవరం,
ఆదివారం రాత్రి.

చి. అమ్ములుకు నాన్న ఆశీస్సులు.

గిటారు ధ్వనిని మార్చే కాలి పెట్టెల్లో పెద్దదైన హీలిక్స్ ఫ్లోర్ కొనాలా, చిన్నదైన హెచ్ఎక్స్ స్టాంప్‌తో సరిపెట్టుకోవాలా అని నువ్వు అడిగినది ఫోనులో రెండు ముక్కల్లో తేల్చే విషయం కాదనిపించి, తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఇరవై ఏళ్లకు పైగా సౌండ్ సిస్టమ్ అద్దెకిస్తూ బతుకుతున్నవాణ్ని కనుక, గిటారు వాయించడం రాకపోయినా, వాయించేవాళ్ల పెట్టెలు స్టేజీ మీద ఎలా పనిచేస్తాయో దగ్గరుండి చూశాను.

చిన్నది కొంటే టోన్ పలచబడుతుందేమోనన్న నీ భయాన్ని ముందుగా తీసేస్తాను. లైన్ 6 వారు 2015లో తెచ్చిన పెద్ద హీలిక్స్‌లోనూ, 2018లో తెచ్చిన స్టాంప్‌లోనూ ఆంప్ మోడళ్లు, అంటే గిటారు ఆంప్లిఫయర్ల ధ్వనిని అనుకరించే నమూనాలు, ఒకటే. నీకిష్టమైన ఫెండర్ ట్విన్ రివర్బ్ ఆంప్ తరహా క్లీన్ టోన్‌ను రెండింటిలోనూ ఒకే విధంగా అమర్చి, కళ్లకు గంత కట్టి వినిపిస్తే నేనే గుర్తుపట్టలేను. తేడా లోపలి ప్రాసెసర్ల దగ్గర వస్తుంది. పెద్దదానిలో రెండున్నాయి, చిన్నదానిలో ఒకటే ఉంది. అందుచేత పెద్దదానిలో ఒక ప్రీసెట్‌కు, అంటే దాచుకున్న ఒక అమరికకు, 32 బ్లాకుల వరకు (ఒక్కొక్క ఎఫెక్టుకో ఆంప్‌కో ఒక బ్లాకు) పెట్టుకోవచ్చు, చిన్నదానిలో మొదట 6 ఉండేవి, 2020 నాటి అప్‌డేట్‌తో 8 అయ్యాయి. నువ్వు వాడేవి లెక్కపెట్టి చూడు: కంప్రెసర్, వా, డిస్టార్షన్, ఆంప్, క్యాబ్, డిలే, రివర్బ్. ఏడు అయ్యాయి, ఇంకొకటి మిగిలే ఉంది. రెండు ఆంప్‌లను ఒకేసారి మోగించి, వాటిపైన బరువైన పిచ్ ఎఫెక్టులు పెట్టేవాళ్లకే ఆ ఒక్క ప్రాసెసర్ చాలదు. నువ్వు అలా వాయించగా నేను వినలేదు.

నా బెంగంతా స్విచ్‌ల గురించే. మొన్న నీ కాలేజీ వార్షికోత్సవానికి వచ్చినప్పుడు నేను నీ చేతులను కాదు, కాళ్లను చూశాను. రెండో పాటలో పల్లవికి ముందు ఒకసారి, చరణంలోకి వెళ్లేటప్పుడు ఒకసారి, సోలోకు రెండుసార్లు, సోలో అయ్యాక మళ్లీ రెండుసార్లు, మొత్తం ఆరుసార్లు నీ కుడికాలు పెడల్ మీదికి వెళ్లింది. సోలో మొదలయ్యేటప్పుడు నువ్వు కిందికి వంగి నాబ్ తిప్పడంతో మొదటి స్వరం ఆలస్యమైంది. నీ ముఖంలో ఆ క్షణం కనిపించిన కంగారు నాకింకా గుర్తుంది తల్లీ. స్టాంప్‌లో ఉన్నవి మూడే స్విచ్‌లు. వాటిలో ఒకటి ట్యూనర్‌కూ, కాలితో తట్టి వేగం కుదిర్చే ట్యాప్ టెంపోకూ పోతే నీకు మిగిలేవి రెండు. ఆరుసార్లు కదిలే కాలికి రెండు స్విచ్‌లు ఏ మూలకు సరిపోతాయి?

అలాగని ఫ్లోర్ కొనమనడానికీ మనసొప్పడం లేదు. అది ఆరున్నర కిలోల పైచిలుకు బరువుంటుంది, దాని బ్యాగు వేరు, నీ గిటారు వేరు. శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్తుకు ఈ రెండింటినీ ఎక్కించి, బెంగళూరులో దిగి, మూడో అంతస్తులోని హాస్టల్ గదికి మోసుకెళ్లాల్సింది నువ్వే. పైగా రోజూ రెండు గంటలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సాధన చేసే నీకు స్టేజీ రెండు నెలలకొకసారి వస్తోంది. డబ్బు సంగతి నువ్వు ఆలోచించకు, అది నేను చూసుకుంటాను.

పెద్దదానిలో నాకు నిజంగా నచ్చేది దాని వెనుక భాగం. పవర్ సప్లై లోపలే ఉంటుంది, మైకు కేబుల్ పట్టే మూడు పిన్నుల ఎక్స్ఎల్ఆర్ అవుట్‌పుట్లు ఉంటాయి, మా మిక్సర్‌కు నేరుగా కేబుల్ లాగేయవచ్చు. చిన్నవాటికి 9 వోల్టుల అడాప్టర్ కావాలి, అదీ 3 ఆంపియర్లది; మామూలు పెడల్ సప్లైలు అంత కరెంటు ఇవ్వలేవు. కోనసీమలో ఒక పెళ్లిలో ఒక కుర్రవాడి అడాప్టర్‌ను నేనే డ్రమ్మర్ స్టూలు వెనక ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టాను. పాట మధ్యలో స్టూలు జరిగి, ప్లగ్గు సగం ఊడింది. పెట్టె ఆరిపోయి, మళ్లీ స్క్రీను వెలిగేదాకా ఆ అబ్బాయి ఉత్త తీగల మీద చేతులు ఆడిస్తూ నిలబడ్డాడు. తప్పు నాది, అవమానం అతనిది. ఆనాటి నుంచి ఏ అడాప్టర్‌నైనా టేపుతో నేలకు అతికించనిదే నేను స్టేజీ దిగను.

ఇన్నీ చూసుకుని నేను చెప్పేది స్టాంప్ ఎక్స్ఎల్ కొనమనే. 2021లో వచ్చిన ఈ పెట్టెలో ప్రాసెసర్, బ్లాకులు స్టాంప్‌లో ఉన్నవే, స్విచ్‌లు మాత్రం 8. గిటారుతో పాటు భుజానికి తగిలించుకునే బ్యాగులోనే పట్టేస్తుంది. దీనికీ ఎక్స్ఎల్ఆర్ లేదు కనుక గిటారు జాక్ సిగ్నల్‌ను మిక్సర్‌కు తగినట్టు మార్చే మంచి డీఐ బాక్సును నా దగ్గరున్నది అమ్మ చేత పంపిస్తాను. పొడవాటి జాక్ కేబుల్ స్టేజీ మీది నుంచి మిక్సర్ దాకా లాగితే హమ్, అంటే గుయ్‌మనే మోత, పట్టుకుంటుంది, అలా ఎవరైనా లాగమన్నా ఒప్పుకోకు.

కొనే ముందు ఒక్క పని చెయ్యి. మీ బ్యాండు వాయించే పాటల పట్టీ రాసి, ఒక్కొక్క పాటకు ఎన్ని టోన్లు కావాలో పక్కన వేసి నాకు పంపు. ఏ పాటకైనా 8 స్విచ్‌లు చాలవని తేలితే ఫ్లోరే కొందాం, మోయడానికి నేనే బెంగళూరు దాకా వస్తాను.

ఇట్లు,
నాన్న