చీమల దేశం కబుర్లు

ప్రియమైన శ్రీనూ,

జవాబు ఆలస్యమైంది, కోపగించుకోకు. అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయి, చిన్నదాని పరీక్షలు అయిపోయాయి, ఇల్లు మారే పని ఇంకా తేలలేదు. అంతే. నా మనసంతా బుటారిటారి దీవిలో ఉంది, అది నీకు చెప్పందే ఊపిరాడదు.

హాస్టల్ గోడ మీది పటంలో పసిఫిక్ నడుమ చుక్కలకు నువ్వు ‘చీమల దేశం’ అని పేరు పెట్టావే, అక్కడే! ఇప్పుడది కిరిబాతి, అప్పట్లో బ్రిటిష్ వాళ్ల గిల్బర్ట్ దీవులు. 1941 డిసెంబరులో, పెర్ల్ హార్బర్ దాడి జరిగిన కొద్ది రోజులకే జపాన్ సేన దిగి అక్కడ సీప్లేన్ స్థావరం పెట్టింది. రన్‌వే అక్కర్లేదు. పగడపు దిబ్బల మధ్య నిలకడైన మడుగు నీళ్లు చాలు, విమానం వాటి మీదే దిగుతుంది, వాటి మీంచే లేస్తుంది.

1942 ఆగస్టు 17 తెల్లవారకముందే నాటిలస్, ఆర్గొనాట్ అనే జలాంతర్గాముల నుంచి 200 మందికి పైగా అమెరికా మెరైన్లు రబ్బరు పడవల్లో ఒడ్డు చేరారు. నాయకుడు ఇవాన్స్ కార్ల్‌సన్, ఆయన తర్వాతివాడు సాక్షాత్తూ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కొడుకు జేమ్స్. మడుగులో దిగిన రెండు జపాన్ సీప్లేన్లను కాల్చి ధ్వంసం చేశారు. రాత్రి వెనక్కి వెళ్దామంటే అలలు పడవలను మళ్లీ ఒడ్డుకే విసిరికొట్టాయి. ఒక దశలో లొంగిపోతామని చీటీ కూడా రాశారు! మర్నాటి రాత్రి మడుగు వైపు నుంచి బయటపడ్డారు. తొమ్మిది మంది మాత్రం దీవిలోనే చిక్కుకుపోయారు. జపాన్ వాళ్లు వాళ్లను పట్టుకుని, తమ చేతిలో ఉన్న మార్షల్ దీవుల్లోని క్వాజలీన్‌కు తీసుకెళ్లి అక్టోబరులో తలలు నరికారు. అందుకు బాధ్యుడైన జపాన్ అడ్మిరల్ అబేను 1947లో ఉరితీశారు. ఇక ఆ సంగతి రాయలేను, శ్రీనూ.

నేను చెప్పాలనుకున్నది వేరే. చనిపోయిన మెరైన్లను పాతిపెట్టమని కార్ల్‌సన్ దీవివాళ్లను అడిగాడు. జపాన్ వాళ్లు మళ్లీ వస్తారని తెలిసీ వాళ్లు ఆ పని చేశారు. 1943 నవంబరులో అమెరికా సైన్యం దీవిని గెలుచుకుంది, యుద్ధం ముగిసింది, కానీ ఆ గొయ్యి జాడ దొరకలేదు. చివరికి 1999లో చోటు చూపించింది ఎవరనుకున్నావు? ఆనాడు కుర్రవాడిగా ఆ శవాలను పూడ్చిన దీవి పెద్దాయన! 19 మంది అవశేషాలు బయటపడ్డాయి. వాటిని విమానంలోకి ఎక్కిస్తుంటే ఆయన నిటారుగా నిలబడి మెరైన్ల గీతం పాడాడట. ఇంగ్లీషు రాదు. 1942లో ఆ కుర్రాళ్ల నోట విన్న పాటే. 57 ఏళ్లు గుండెలో దాచుకున్నాడు! నాకు కళ్లనీళ్లు ఆగలేదు. చరిత్ర పుస్తకాలు కార్ల్‌సన్ గురించి పేజీలు పేజీలు రాసి, ఈయనకు ఒక్క వాక్యం విదిలిస్తాయి. ఎంత అన్యాయం!

ఆ దాడి తర్వాత జపాన్ వాళ్లు అదే గిల్బర్ట్ దీవుల్లోని తరావాను ఎంత పటిష్ఠం చేశారో, దానికి మెరైన్లు ఎలాంటి మూల్యం చెల్లించారో కూడా రాయాలి. 1943లో బుటారిటారి దగ్గరే మునిగిన అమెరికా విమాన వాహక నౌక లిస్కమ్ బే, అందులో పోయిన 644 మంది... అదిగో, కింద ఆటో వచ్చేసింది, అమ్మ పిలుస్తోంది. మిగతాది రేపు రాస్తాను, నువ్వు మాత్రం వెంటనే జవాబు రాయి.

నీ
రాఘవ