సర్క్యూట్ గీసే సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు

చిట్టీ,

స్కీమాటిక్, అంటే సర్క్యూట్ బొమ్మ, గీయడానికి ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని అడిగావు. జవాబు ముందే చెప్పేస్తాను: కీక్యాడ్‌తో మొదలుపెట్టు. ఎందుకో చెప్పకపోతే నువ్వు ఊరుకునే రకం కాదు కాబట్టి మిగతా ఉత్తరం.

నీ స్నేహితులు చెప్పిన పేర్లలో ఈగిల్ కూడా ఉంది కదా. 1988లో వచ్చిన ఆ ప్రోగ్రాం మీదే మా తరంలో చాలామంది పని నేర్చుకున్నారు. 2016లో ఆటోడెస్క్ దాన్ని కొన్నది. 2026 జూన్ 7తో అమ్మకం, సపోర్టు రెండూ ఆపేస్తున్నట్టు 2023లోనే ప్రకటించింది. ఈగిల్ చెడ్డదై కాదు, యజమాని లెక్కలు మారాయి, అంతే. నమ్మకమైన సాఫ్ట్‌వేర్ అంటే మధ్యలో ఆగిపోనిది అని నువ్వు రాశావు. అది కనీస మర్యాద. ఈరోజు గీసిన సర్క్యూట్‌ను పదేళ్ల తర్వాత ఎవరి లైసెన్సూ అడగకుండా తెరవగలవా అన్నది నా ప్రశ్న. అప్పటికి బోర్డు పనిచేస్తూనే ఉంటుంది, అందులోని ఏదో ఒక చిప్ తయారీ ఆగిపోయి ఉంటుంది, బదులు వేరేది పెట్టాలంటే పాత బొమ్మ కావాలి.

కీక్యాడ్‌ను 1992లో ఫ్రాన్స్‌లో ఝాఁ పియేర్ షరా మొదలుపెట్టారు. తర్వాత సెర్న్ పరిశోధన సంస్థ కూడా దాని అభివృద్ధికి చేయి వేసింది. ఉచితం కావడం నాకు రెండో విషయం. అది స్కీమాటిక్‌ను మామూలు టెక్స్ట్ ఫైలుగా దాచుకుంటుంది, అది నాకు మొదటి విషయం. ఫైళ్లలో ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే గిట్ అనే ప్రోగ్రాంలో పెట్టుకుంటే, ఎప్పుడో 47 ఓమ్‌లను 470 చేసిన సంగతి కూడా ఆ వరుసతో సహా దొరుకుతుంది.

ఆల్టియం, ఆర్‌క్యాడ్ గొప్పవే. ఉద్యోగంలో అవసరమైతే కంపెనీయే కొని ఇస్తుంది, అప్పుడు నేర్చుకోవచ్చు. బ్రౌజర్‌లో నడిచేవి తొందర పనికి బాగానే ఉంటాయి. కానీ మొదటి రోజే ఫైలును పూర్తిగా నీ కంప్యూటర్‌లోకి దించుకుని మళ్లీ తెరిచి చూడు. ఆ పని కష్టంగా ఉంటే అక్కడితో వదిలెయ్. త్రీడీలో బోర్డు గిరగిరా తిరగడం చూసి మాత్రం పడిపోకు.

ఇక అసలు సంగతి లైబ్రరీలు, అంటే స్కీమాటిక్‌లో పెట్టే భాగాల గుర్తుల సేకరణలు. బోర్డులు ఎక్కువగా చెడేది ఇక్కడే, ఏ సాఫ్ట్‌వేర్ వాడినా సరే. వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ చిప్‌లు 7805నూ ఎల్‌ఎం317నూ పక్కపక్కన పెట్టి చూడు. అవే మూడు కాళ్లు, టీఓ-220 అనే అదే ఆకారపు ఒళ్లు. 7805లో వరుసగా ఇన్‌పుట్, గ్రౌండ్, ఔట్‌పుట్. ఎల్‌ఎం317లో అడ్జస్ట్, ఔట్‌పుట్, ఇన్‌పుట్. వెనక ఉన్న లోహపు రేకు కూడా మొదటిదానిలో గ్రౌండ్‌కు, రెండోదానిలో ఔట్‌పుట్‌కు కలిసి ఉంటుంది. ఒకదాని గుర్తు తెచ్చి రెండోదాని పేరు రాసేస్తే ఏ ప్రోగ్రామూ నోరు విప్పదు. ట్రాన్సిస్టర్లదీ అదే గొడవ: బీసీ547 చదునువైపు నుంచి చూస్తే కలెక్టర్, బేస్, ఎమిటర్, 2ఎన్3904లో సరిగ్గా తిరగబడి ఉంటాయి. కాబట్టి ఇంటర్నెట్‌లో దొరికిన ప్రతి గుర్తునూ, తయారీదారు ఇచ్చే వివరాల పత్రం డేటాషీట్ పక్కన పెట్టుకుని కాలు కాలుగా సరిచూడు. విసుగ్గానే ఉంటుంది, తప్పదు.

ఈఆర్‌సీ, అంటే విద్యుత్ నియమాల తనిఖీ, ఎంత పదునుగా ఉందో తెలుసుకోవడానికి ఒక దొంగ సర్క్యూట్ గియ్యి. రెండు ఔట్‌పుట్‌లను ఒకే తీగకు కలుపు. ఒక ఇన్‌పుట్‌ను గాలిలో వదిలెయ్. ఒక చిప్‌కు పవర్ ఇవ్వకు. తనిఖీ నడిపి, ఎన్నిటిని పట్టుకుందో చూడు. తర్వాత ఆ చిప్ గుర్తులో పిన్నులన్నిటినీ పాసివ్, అంటే ఇన్‌పుట్టో ఔట్‌పుట్టో చెప్పని రకం, అని మార్చి మళ్లీ నడుపు. కలిసిపోయిన ఔట్‌పుట్‌ల మీద ఫిర్యాదు మాయమవుతుంది. గుర్తు గీసినవాళ్లు పిన్ను స్వభావం రాయకపోతే తనిఖీ చేసేది గుడ్డి తనిఖీయే అని అప్పుడు నీకే అర్థమవుతుంది.

కీక్యాడ్ కొత్తవాళ్లను ఒక చోట తికమక పెడుతుంది. కనెక్టర్ గుండా పవర్ లోపలికి వస్తుంటే, ఆ పవర్ ఎక్కడినుంచి వస్తోందో తెలియడం లేదని తప్పు చూపిస్తుంది, ఎందుకంటే కనెక్టర్ పిన్నులు దాని దృష్టిలో పాసివ్. ఆ తీగ మీద పవర్ ఫ్లాగ్ గుర్తు పెడితే సరిపోతుంది. చాలామంది విసిగి ఆ హెచ్చరికనే ఆపేస్తారు. నువ్వు ఆ పని చేస్తే నాకు కోపం వస్తుంది. అలాగని ఈఆర్‌సీ శుభ్రంగా వచ్చిందని సంబరపడకు: 12 వోల్టుల లైను మీద 6.3 వోల్టుల కెపాసిటర్ పెట్టినా అది పట్టించుకోదు. ఆ లెక్క నీదే.

బోర్డు పంపిన ప్రతిసారీ స్కీమాటిక్ పీడీఎఫ్, బోర్డు తయారీకి ఇచ్చే గెర్బర్ ఫైళ్లు, భాగాల జాబితా ఒకే ఫోల్డర్‌లో దాచు. గెర్బర్ ఉంటే బోర్డు చేసేవాళ్లకు నువ్వు ఏ సాఫ్ట్‌వేర్ వాడావో అక్కర్లేదు. ఈగిల్, ఆల్టియం ఫైళ్లను కీక్యాడ్ దిగుమతి చేసుకోగలదు కాబట్టి స్నేహితుల బొమ్మలు నీకు పనికొస్తాయి. దిగుమతయ్యాక మాత్రం కనెక్షన్లన్నీ ఒకసారి చూసుకో.

దొంగ సర్క్యూట్ పీడీఎఫ్ నాకు పంపు. ఈఆర్‌సీ పట్టుకోని తప్పు ఒకటి నువ్వే అందులో దాచిపెట్టు, నేను వెతుకుతాను.

ప్రేమతో,
అమ్మ