స్కాన్ తేదీ వారాలు చూసి ఇవ్వండి

సంపాదకులకు,

మాది శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర పల్లె. మా కోడలికి ఐదో నెల. బిడ్డ గుండెలో నాలుగు గదులు, వెన్నెముక, పెదవులు, కాళ్లూ చేతులూ సరిగ్గా ఏర్పడ్డాయో లేదో చూసే టిఫా స్కాన్ 18 నుంచి 22 వారాల మధ్య చేయించాలని ఆశా కార్యకర్త చెప్పింది, తీరా ఆసుపత్రికి వెళ్తే ఖాళీ లేదని 25వ వారానికి తేదీ రాసిచ్చారు. ఇంటిల్లిపాదికీ ఒకటే టెన్షన్. అప్పు చేసి బయట చేయించాం. తెర మీద బిడ్డ బొటనవేలు నోటి దగ్గర పెట్టుకుని కనిపించింది, కోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ప్రతి నెలా 9న గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తున్నారు కదా, ఆ రోజే వారాలు లెక్కగట్టి స్కాన్ తేదీ కార్డు మీద రాసివ్వాలి. జీడి తోటల్లో కూలికెళ్లే ఆడపిల్లలు అప్పు ఎక్కడ తెస్తారు?

ఒక అత్తగారు, మందస మండలం