శీనుగాడికి, కాలేజీ బట్టల గురించి

ఒరేయ్ శీనూ,

సీటు కన్ఫర్మ్ అయ్యిందని బాబాయ్ ఫోన్ చేసి చెప్పగానే మావయ్య బట్టల షాపులో ఉన్నోళ్ళందరికీ చెప్పేశానురా. డిప్లొమా చేసి, ఈసెట్ ఎంట్రన్స్ రాసి, డైరెక్టుగా బీటెక్ సెకండియర్‌లో చేరడమంటే మాటలా! నువ్వేమో రాత్రి పెట్టిన మెసేజ్‌లో ఆ ఆనందం ఒక్క ముక్క లేకుండా మొత్తం బట్టల గోలే పెట్టావు. "వాళ్ళంతా బ్రాండెడ్ వేసుకొస్తారు, మనం ఎట్టా కనపడతామో" అన్నావు చూడు, ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. ఫోన్లో చెప్తే నువ్వు సగం విని ఊ కొట్టేస్తావు, అందుకే షాపు కట్టేశాక కూర్చుని రాస్తున్నా, మొత్తం చదువు.

బాబాయ్ ఇచ్చిన 7000 చాలురా. నిజంగా చాలు. దాంట్లో కాలేజీకి రెండేళ్ళు నిలబడే బట్టలొస్తాయి, కాకపోతే లేబుల్ చూసి కాకుండా గుడ్డ, కుట్టు, ఒంటికి సరిపోవడం, ఈ మూడూ చూసి కొనాలి. మా షాపుకి రోజూ నీ వయసోళ్ళు వస్తుంటారు, చేతిలో పట్టుకుని గుడ్డ ఎట్టా ఉందో కూడా చూడరు, ముందు మెడ దగ్గర లేబుల్ తిప్పి చూస్తారు, నాకు భలే బాధేస్తది.

ముందు ఒక పని చెయ్యి, కాలేజీలో సీనియర్ ఎవరినైనా పట్టుకుని డ్రెస్ కోడ్ సంగతి కనుక్కో. చాలా ఇంజనీరింగ్ కాలేజీల్లో ల్యాబ్ ఉన్న రోజు షర్టు టక్ చేసి షూ వేసుకుని రావాలంటారు, కొన్నిట్లో వారంలో కొన్ని రోజులు యూనిఫాం కూడా ఉంటది. అది తెలియకుండా టీషర్టులు కొని పెట్టుకుంటే ఆదివారాలకి తప్ప పనికిరావు.

ఇంక గుడ్డ సంగతి. విజయవాడ ఎండలు నీకు తెలియనివి కాదు, ఎండ పోయాక ఉక్కపోత, కృష్ణ పక్కనే ఉంది కాబట్టి గాల్లో తేమ ఎప్పుడూ ఉంటది. పాలిస్టర్ ఎక్కువున్న చొక్కా వేసుకుని సిటీ బస్సులో నిలబడి కాలేజీకి పోతే ఫస్ట్ పీరియడ్‌కే వీపుకి అంటుకుపోద్ది, సాయంత్రానికి వాసన. కాటన్ అయితే చెమట పీల్చుకుంటది, గాలాడుద్ది. అందుకని చొక్కాలకి మాత్రం వంద శాతం కాటన్, దీంట్లో బేరం లేదు. రెడీమేడ్‌లో అయితే లోపల ఎడమ పక్క కుట్టు దగ్గర చిన్న చీటీ ఉంటది, దాంట్లో ఎంత కాటనో ఎంత పాలిస్టరో శాతాల్లో రాసి ఉంటది, అది చదవకుండా డబ్బులు తియ్యకు. పైన అట్ట మీద "కాటన్ రిచ్" అనో "లినెన్ లుక్" అనో పెద్ద అక్షరాలతో వేస్తారు, లోపల చీటీ చూస్తే సగం పాలిస్టరే ఉండొచ్చు.

గుడ్డని చేత్తో చూడ్డం కూడా నేర్చుకో, పెద్ద విద్యేం కాదు. అంచు పట్టుకుని గుప్పిట్లో గట్టిగా నలిపి వదులు. కాటన్ అయితే ముడతలు పడతాయి, పడాలి కూడా, ఒక్క ముడత కూడా పడలేదంటే దాంట్లో వేరేది కలిసింది అనుకోవచ్చు. తర్వాత రెండు వేళ్ళ మధ్య పెట్టి రుద్దు, తెల్లగా పొడి రాలిందంటే గంజి బాగా పట్టించి దిట్టంగా కనపడేట్టు చేశారన్నమాట, రెండు ఉతుకులకి అసలు పల్చదనం బయటపడిద్ది. లైటుకి ఎదురుగా పట్టుకుంటే నేత సమానంగా ఉందో లేదో కూడా తెలిసిపోద్ది. తానులోంచి కొనేటప్పుడైతే మావయ్య ఇంకోటి చేస్తాడు, ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటిస్తాడు. కాటన్ పోగు కాగితంలా కాలి బూడిదైపోద్ది, పాలిస్టర్ పోగు కరిగి చివర్న గట్టి ఉండలా తయారైద్ది. కొనే మనిషి ముందే చేసి చూపిస్తాడు, అందుకే ఆయన మాట మీద జనానికి నమ్మకం.

నీ విషయంలో నా సలహా ఏంటంటే, ప్యాంట్లు రెండూ, చొక్కాలు మూడూ కుట్టించుకో. నువ్వు వద్దంటావని తెలుసు, కుట్టించుకుంటే పెద్దోళ్ళలా ఉంటదని నీ భయం. ఒరేయ్, నువ్వు సన్నగా ఉంటావు, చేతులేమో పొడుగు, భుజం సరిపోయిన రెడీమేడ్ చొక్కా నీకు మణికట్టు దాకా రాదు, చేతులు సరిపోయింది తీసుకుంటే భుజం కుట్టు జారి చేతి మీదకొచ్చేస్తది. నడుము తగ్గించొచ్చు, పొడుగు తగ్గించొచ్చు, భుజం మాత్రం ఆల్టరేషన్‌లో సరిగ్గా రాదు, వచ్చినా కూలి దండగ. ఈ రోజుల్లో టైలర్లు కూడా స్లిమ్ ఫిట్ చక్కగా కుడుతున్నారు, మనం చెప్పాలి అంతే.

లెక్క చూడు. యాభై ఎనిమిది అంగుళాల పన్నా, అంటే వెడల్పు, ఉన్న గుడ్డ అయితే ఫుల్ హ్యాండ్స్ చొక్కాకి 1.6 మీటర్లు సరిపోద్ది, నీ చేతులకి 1.75 తీసుకుందాం. మన వస్త్రలత బట్టల మార్కెట్లో మంచి కాటన్ మీటరు 250, 300 మధ్యలో దొరుకుద్ది, కుట్టుకూలి 350 వేసుకుంటే చొక్కా 850కి కాస్త అటూ ఇటూ. ప్యాంటుకి 1.2 మీటర్లు చాలు. ప్యాంటు వరకు మాత్రం పాలిస్టర్, విస్కోస్ కలిసిన గుడ్డ తీసుకోవచ్చు, ముడతలు పడదు, ఇస్త్రీ గోల తక్కువ, హాస్టల్లో ఉండేవాడికి అదే మేలు. అది కుట్టుకూలితో కలిపి 900 దాకా అయిద్ది. ముదురు నీలం ఒకటి, బూడిద రంగు ఒకటి తీసుకుంటే మూడు చొక్కాలూ దేని మీదకైనా పోతాయి. చొక్కాలు లేత నీలం, తెలుపు, ఇంకోటి సన్న గీతలది. గళ్ళు మాత్రం ఇప్పుడు వద్దు, గళ్ళ చొక్కాకి జేబు దగ్గర, ముందు పట్టీ దగ్గర గీతలు కలిపి కుట్టాలంటే గుడ్డ ఎక్కువ పడిద్ది.

టైలర్ దగ్గరకి వచ్చేటప్పుడు నీకు బాగా కుదిరిన పాత చొక్కా ఒకటి ఆదికి తెచ్చుకో, ఆ మీ అన్నయ్య పెళ్ళికి వేసుకున్నది ఉంది కదా, అది నీకు భుజం దగ్గర అతికినట్టు ఉంటది. గుడ్డ కుట్టడానికి ఇచ్చే ముందు ఒక రాత్రి నీళ్ళలో నానేసి ఆరబెట్టాలి, కాటన్ మొదటి ఉతుక్కి దగ్గరకొస్తది కాబట్టి ఆ తగ్గేదేదో కుట్టకముందే తగ్గిపోవాలి. అది నేను మా ఇంట్లో చేసేస్తాలే. ప్యాంటుకి నడుం దగ్గర, కింద అంచు దగ్గర లోపల కాస్త గుడ్డ వదలమని కూడా చెప్పాలి, హాస్టల్ తిండికి నువ్వు లావెక్కినా ఇబ్బంది ఉండదు.

జీన్స్ ఒక్కటి చాలు, అది రెడీమేడే. జీన్స్ కుట్టడంలో మనకి దగ్గర్లో బళ్ళారికి మంచి పేరుంది, అక్కడి మాల్ మన వైపు షాపుల్లో 900, 1000కి దొరుకుద్ది. తడి చేతిరుమాలు తీసుకుని లోపలి వైపు రుద్ది చూడు, నీలం దండిగా అంటుకుంటే వద్దు. చిరుగులున్నవి, మోకాళ్ళ దగ్గర తెల్లగా చేసినవి కాలేజీలో ఎట్టాగూ రానివ్వరు. ట్రయల్ రూములో వేసుకుని నిలబడి అద్దంలో చూసుకుంటే సరిపోదు, కూర్చో, మెట్టెక్కినట్టు కాలు లేపు, అప్పుడు తెలుస్తది ఎక్కడ పట్టేస్తుందో.

టీషర్టులకి తిరుప్పూరు సరుకు బాగుంటది, దేశంలో నిట్టింగ్ బట్టల, అంటే టీషర్టుల్లాంటి అల్లిక గుడ్డల, ఎగుమతికి పెద్ద కేంద్రం అదే. టీషర్టు గుడ్డ మందాన్ని జీఎస్ఎంలో చెప్తారు, చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములుందో అది. 180 దగ్గర ఉన్నది మన వాతావరణానికి సరిగ్గా సరిపోద్ది, మరీ 140 అయితే లోపల బనియన్ కనపడిద్ది, 240 అయితే ఎండల్లో వేసుకోలేవు. కాలరు పట్టీ లాగి వదిలితే వెంటనే వెనక్కి రావాలి. రెండు భుజాలూ పట్టుకుని వేలాడదీసి చూడు, పక్క కుట్లు నిటారుగా దిగాలి, అప్పుడే మెలి తిరిగి ఉంటే ఉతికాక ఇంకా తిరిగిపోద్ది. 300కి ఒకటి చొప్పున మూడు చాలు.

ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్, అంటే ఎగుమతికి పోగా మిగిలిన సరుకు, అని బోర్డు పెట్టి అమ్ముతుంటారు కదా, వాటి గురించి నువ్వు అడిగావు. మంచివి ఉంటాయి, కాకపోతే నిజంగా మిగిలిపోయిన సరుకు అయితే అన్ని సైజులూ అన్ని రంగులూ ఉండవురా, ఒక సైజు నాలుగుంటే ఇంకో సైజు అసలుండదు, మెడ దగ్గర లేబుల్ కత్తిరించి ఉంటది. ఒకే డిజైన్ అన్ని సైజుల్లో దొంతర్లు పేర్చి, పైగా పెద్ద కంపెనీ లేబుల్ చక్కగా మెరుస్తూ ఉందంటే ఆలోచించు.

ఇప్పుడు ఆషాఢం, పెళ్ళిళ్ళు లేక బేరాలు తగ్గిపోతాయి కాబట్టి అన్ని షాపులోళ్ళూ డిస్కౌంట్లు పెడతారు, మేమూ పెట్టాం. బీసెంట్ రోడ్డు అంతా బోర్డులే. ఒకటి కొంటే రెండు ఫ్రీ అన్నచోట ఆ మూడు కలిపి ఎంతో లెక్కేసి, ఒక్కోటి ఎంత పడిందో చూసుకో, అవసరం లేని రెండు చొక్కాల కోసం జేబు ఖాళీ చేసుకోకు. సీజన్ అయిపోయి మిగిలిన పాత స్టాక్‌లో మాత్రం నిజంగా మంచివి దొరుకుతాయి. ఎంఆర్‌పీ మీద మళ్ళీ ట్యాక్స్ అంటే ఒప్పుకోవద్దు, ఎంఆర్‌పీలోనే అన్నీ కలిసుంటాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2500 లోపు రెడీమేడ్ బట్టల మీద జీఎస్‌టీ 5 శాతమే, అంతకుముందు వెయ్యి దాటితే 12 ఉండేది, కాబట్టి మనలాంటోళ్ళు కొనే బట్టలకి అది కలిసొచ్చింది.

చొక్కాలకి 2550, ప్యాంట్లకి 1800, జీన్స్ 1000, టీషర్టులు 900, మొత్తం 6250. మిగిలిన 750లో ఒక బెల్టు, బనియన్లు, సాక్సులు. షూ సంగతి నేను చూసుకుంటా, మాట్లాడకు. సంక్రాంతికి ఇంకాస్త డబ్బులొస్తే మంగళగిరి పోదాం, ఇక్కణ్ణించి దగ్గరే. మగ్గం మీద నేసిన ప్లెయిన్ గుడ్డ పన్నా తక్కువ ఉంటది కాబట్టి చొక్కాకి రెండు మీటర్ల పైనే పడిద్ది, కానీ ఉతికేకొద్దీ మెత్తబడి ఒంటికి ఎంత హాయిగా ఉంటదో చెప్పలేను, నేను వేసుకునేది ఇప్పుడు అదే.

బట్టల గురించి ఇంత రాసింది నువ్వు మొదటి రోజు క్లాసులోకి తలెత్తుకుని పోవాలనిరా. ఈసెట్‌కి నువ్వెట్టా చదివావో, పగలు మీ నాన్నతో పొలం పోయి రాత్రి ఎన్నింటి దాకా కూర్చున్నావో నాకు తెలుసు. ఆ క్లాసులో కూర్చునే హక్కు నీకు అందరితో సమానంగా ఉంది, దాన్ని ఏ చొక్కా లేబులూ తగ్గించలేదు.

ఆదివారం రావద్దు, మాకు సెలవు. శనివారం పొద్దున్నే బస్సెక్కి నెహ్రూ బస్టాండ్‌లో దిగి ఫోన్ చెయ్యి, బండేసుకొస్తా. శ్రావణం వచ్చిందంటే టైలర్లంతా పెళ్ళి ఆర్డర్లతో నిండిపోతారు, నీ ప్యాంటు ఎవడూ పట్టించుకోడు, కాబట్టి ఈ శనివారమే. ఆది చొక్కా మర్చిపోకు. పిన్నిని ఆవకాయ ఒక సీసాలో పెట్టమని చెప్పు, మావయ్య అడుగుతున్నాడు.

నీ
రవిగాడు