గ్లాడియేటర్ దీపాలు కొన్న ముగ్గురికీ, మిగతా మీ అందరికీ

నమస్కారం. నిరుడు లండన్‌లోని మా దుకాణంలో గ్లాడియేటర్ (జనం ముందు పోరాడే యోధుడు) బొమ్మ ఉన్న రోమన్ మట్టి దీపాలు మూడు అమ్మాను. మూడూ నకిలీవి. తప్పు నాది. ఇద్దరికి పూర్తి సొమ్ము, పోస్టేజీ ఖర్చుతో సహా తిరిగి ఇచ్చేశాను. మూడో వారి ఫోన్ కలవడం లేదు. ఇది చూస్తే దయచేసి కబురు చేయండి.

సంగతి ఒక కస్టమర్ ఇంట్లో బయటపడింది. దుమ్ము పోతుందని ఆవిడ దీపాన్ని గోరువెచ్చని నీళ్లలో పెట్టారు. శతాబ్దాల పాటు భూమిలో ఉన్న దీపానికి పట్టిన మట్టి, సున్నపు పొర అంత తేలిగ్గా వదలవు. దీని పొర పావుగంటలో మొత్తం ఊడిపోయి, నీళ్లు బంక వాసన వేశాయట. రెండోది తెప్పించి భూతద్దం కింద పెట్టాను. వత్తి పెట్టే ముక్కు దగ్గర మసి ఉంది, కానీ మట్టి పొర మీద ఉంది. దీపం ముందు వెలుగుతుంది, తర్వాత పూడుతుంది కదా, మసి అడుగున ఉండాలి. ఎప్పుడు కాల్చిన మట్టో తేల్చే థర్మోల్యూమినిసెన్స్ పరీక్షకు పంపితే, ఈమధ్య కాల్చిందేనని తేలింది.

నన్ను ఎక్కువ బాధపెడుతున్నది వేరే ఉంది. కొన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ దీపం మన ప్రమిదలా పైన తెరిచి ఉండదు. పై సగం, కింది సగం వేరువేరు అచ్చుల్లో ఒత్తి అతికిస్తారు. పైన గుండ్రటి పళ్లెంలో బొమ్మ, పక్కన నూనె పోసే చిన్న రంధ్రం ఉంటాయి. బాగా అమ్ముడయ్యే దీపం కనబడితే ఆ కాలపు కుమ్మరులే దాని మీంచి కొత్త అచ్చు తీసేవారు. మట్టి ఆరి, కాలి కుంచించుకుపోతుంది కాబట్టి అలాంటి నకలు కాస్త చిన్నది, బొమ్మ మసకబారుతుంది. నా దీపాలు పుస్తకంలో చూసిన అదే బొమ్మ దీపం కంటే సెంటీమీటరు చిన్నవి. మోకాలి మీద కూలి, ప్రాణం దయచేయమని వేలెత్తిన ఆ యోధుడి వేలు కనీకనబడకుండా ఉంది. ‘పాతకాలపు నకలే’ అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ బొమ్మంటే నాకున్న ఇష్టమే నాచేత అలా అనిపించింది. అమ్మినాయన ‘పాత కలెక్షన్’ అన్నాడు, ఒక్క కాగితమూ చూపలేదు. నేనూ గట్టిగా అడగలేదు.

ఇకమీదట ఎప్పుడు, ఎవరి దగ్గర ఉండేదో చూపే పాత రసీదో, వేలం కేటలాగో లేని దీపం కొనను, అమ్మను. యూరప్‌లోని కస్టమర్లకు ఇది ఎలాగూ తప్పదు: 2025 జూన్ 28 నుంచి 250 ఏళ్లు దాటిన పురావస్తువుకు, ధర ఎంత తక్కువైనా, యూరోపియన్ యూనియన్‌లోకి దిగుమతి లైసెన్స్ కావాలి. సరైన కాగితాలు లేకుండా అది రాదు.

కాగితం లేని 11 దీపాలు అల్మరాలోంచి తీసేశాను. అందులో నిజమైనవీ ఉంటాయి, వాటికీ మినహాయింపు లేదు. మిగిలినవి నాలుగే. ఒకటి కొత్త సంవత్సరం కానుక దీపం: రెక్కల విజయదేవత పట్టుకున్న డాలు మీద ‘కొత్త ఏడాది నాకు శుభంగా, సుఖంగా ఉండాలి’ అని లాటిన్‌లో రాసి ఉంటుంది. దాంతో 1968 నాటి చేతిరాత రసీదు ఉంది. అడిగినవారికి దీపం ఫొటో కంటే ముందు ఆ రసీదు ఫొటో పంపుతాను.