వేప సబ్బు సరే, రుజువేదీ?

సంపాదకులకు,

చెన్నైలో మా పేట ఆసుపత్రి వార్డులో ‘వేప, తులసి సబ్బు: క్రిములు మాయం’ అని బోర్డు. కింద బిళ్ళేమో నీళ్ళలో నాని ముద్దయింది. ఆయా కడిగిన చేతులు కొంగుకే తుడుచుకుంటోంది, పాపం!

వేపకు క్రిముల్ని అణిచే గుణం ఉన్నమాట నిజమే. కానీ ల్యాబ్‌లో గంటల తరబడి చూపిన ప్రభావం నిమిషంలో కడిగేసుకునే చేతిమీదా చూపాలని లేదు. మామూలు సబ్బు నురగే క్రిముల్ని వదిలించి నీళ్ళతో పంపేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినట్టు 40 నుంచి 60 సెకన్లు కడగాలి, అంతే. మామూలు సబ్బు కంటే మేలని కంపెనీలు నిరూపించలేదనే 2016లో అమెరికా ట్రైక్లోసాన్‌తో సహా క్రిముల్ని చంపే 19 రసాయనాలను ఇళ్ళలో వాడే సబ్బుల్లో నిషేధించింది. మూలికలనూ అదే రుజువు అడగాలి. ఈలోగా నీరు కారిపోయే సబ్బుపెట్టె, తుడుచుకోను కాగితాలు పెట్టించండి.

— ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై