కొండ దిగాక కూర్చోవడానికి కాస్త చోటివ్వండి

గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారం.

మాది సిక్కోలులో (శ్రీకాకుళంలో) చిన్న పర్వతారోహణ క్లబ్. ఏటా డిసెంబర్ 11న, అంతర్జాతీయ పర్వత దినోత్సవం నాడు, పొద్దున్నే కొండెక్కి, సాయంత్రం మైదానంలో ఊరివాళ్లతో వేడుక చేసుకుంటాం. పిల్లలకు తాడు ముడులు నేర్పుతాం, తప్పెటగుళ్లు ఆడిస్తాం, హుండీ పెడతాం. ఆ డబ్బు మా జిల్లాలోని ఉద్దానం ప్రాంత కిడ్నీ రోగుల దారిఖర్చులకు వెళ్తుంది.

ప్రభుత్వాసుపత్రిలో డయాలసిస్‌కు (యంత్రంతో రక్తం శుద్ధి చేయడానికి) డబ్బు కట్టక్కర్లేదు, నిజమే. కానీ వారానికి రెండు మూడుసార్లు వెళ్లిరావాలి. ఒక్కోసారి నాలుగు గంటలు మంచం మీదే. వెంట వచ్చిన మనిషికి ఆ రోజు కూలి పోతుంది. కవిటి వైపు పెద్దాయన ఒకరు ఆటో డబ్బుల్లేక కిందటి నెల రెండుసార్లు మానేశారు. మానేస్తే ఏమవుతుందో తమకు చెప్పక్కర్లేదు.

కిందటేడు మైదానానికి అనుమతి రాలేదు, హుండీ పెట్టలేదు. ఈ ఏడు మూడు అర్జీలిచ్చాం. ‘చూస్తాం’ అన్న మాట తప్ప కాగితం లేదు. కొండకంటే ఆఫీసు మెట్లే కష్టమని మా కుర్రాళ్ల జోకు, మన్నించాలి. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

నవంబర్ నెలాఖరులోగా అనుమతి ఇవ్వండి. కుదరదంటే కారణం రాతపూర్వకంగా తెలపండి. మైదానం శుభ్రం చేసే పూచీ మాది. వసూళ్ల లెక్క ఆ రాత్రే బోర్డు మీద పెడతాం.

ఇట్లు,
క్లబ్ కార్యదర్శి